వెనక బ్లాక్

మా ఇంట్లో ఉప్మా ఎలా తయారవుతుందో ఒకసారి చార్టు గీశాను. పదకొండు గళ్ళు, మూడు ప్రశ్నలు, రెండు వరసలు వచ్చాయి. ఒక వరస మా అత్తగారిది, రెండోది నాది. గీయడం పూర్తయ్యాక చూసుకుంటే నా వరసలో ఒక్కటే గడి ఉంది. అందులో "తినుట" అని రాసి ఉంది. మావారు దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్‌కి అంటించారు. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా మా అత్తగారు దాన్ని చదివి, "పోన్లే, నిజమే రాసుకుంది" అనేవారు.

నా ఉద్యోగమే అది. రాజమండ్రిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. ఎవరైనా మాకో సాఫ్ట్‌వేర్ చేసిపెట్టండి అని వస్తే, ముందు నేను వెళ్ళి వాళ్ళ పని ఎలా నడుస్తోందో దగ్గర కూర్చుని చూసి చార్టు గీసుకురావాలి. చేసే పనికి నలుచదరపు గడి. తేల్చుకోవలసిన ప్రశ్నకి డైమండు. అందులోంచి అవునంటే ఒక బాణం, కాదంటే ఇంకో బాణం. ఎవరి పని వాళ్ళ వరసలో ఉండాలి. దీన్నే ప్రాసెస్ మోడలింగ్ అంటారు. "మీకేం కావాలండీ?" అని అడిగితే ఏ మనిషీ సరిగ్గా చెప్పలేడు. "మీరు చేసేది ఇదేనా?" అని గీసి చూపిస్తే మాత్రం, "అది కాదండీ!" అని మీదపడి మరీ చెప్తాడు. ఎదుటివాళ్ళ తప్పు పట్టుకునే అవకాశం ఇస్తే చాలు, మనకి కావలసిన రిక్వైర్‌మెంట్లన్నీ వాటంతటవే బయటికొస్తాయి.

నాకో జబ్బు కూడా ఉంది. చార్టులో అబద్ధం ఉంటే నాకు నిద్ర పట్టదు. జరిగేదే గీయాలి, జరిగేదంతా గీయాలి. టీకి వెళ్ళే మనిషి అరగంటకోసారి వెళ్తుంటే ఆ టీ కూడా గీస్తాను. ఇందువల్ల నాకు ఆఫీసులో స్నేహితులు తక్కువ.

అలాంటి నన్ను కడియంలో ఒక నర్సరీకి పంపించారు. కడియం చుట్టుపక్కల ఎటు చూసినా నర్సరీలే. వీళ్ళ నర్సరీకి వేరే చరిత్ర ఉంది. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ తోటని సమానంగా పంచుకున్నారు, మోటారు పంచుకున్నారు, కుండీలు పంచుకున్నారు. గేటు మీద ఉన్న రేకు బోర్డు దగ్గర మాత్రం తెగలేదు. నాకంటే నాకన్నారు. చివరికి పెద్దమనుషులు దాన్ని నడిమికి కోయించి చెరో సగం ఇచ్చారు. దేవుడి బొమ్మా, తండ్రిగారి పేరులో మొదటి మూడక్షరాలూ అన్నగారికి వచ్చాయి. మిగతా అక్షరాలూ, ఫోన్ నంబరూ తమ్ముడుగారికి వెళ్ళాయి. దేవుడు నాకెందుకు రాలేదని తమ్ముడుగారికీ, ఫోన్లన్నీ వాడికే వెళ్తున్నాయని అన్నగారికీ మంట. ఆ రోజు మాటలు మానేసినవాళ్ళు తొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోలేదు. మధ్యలో తాటాకు దడి లేచింది.

మాకు పని అప్పగించింది అన్నగారు. మంచి మనిషి. నేను వెళ్ళగానే మొక్కలకి ఎండ తగలకుండా కట్టిన షేడ్ నెట్ కింద ప్లాస్టిక్ కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను పెన్ను తీశాను.

"పార్టీ వచ్చి ఫలానా మొక్క కావాలంటారు. ఉందో లేదో చూస్తారు కదండీ?"

"ఆయ్."

"ఉంటే ఇస్తారు."

"ఆయ్."

"లేకపోతే?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "లేకపోవడం ఏంటండి?"

"అంటే, స్టాకు లేదనుకోండి."

"లేదని ఎలా అంటామండి, గుమ్మంలోకొచ్చిన మనిషితో? మా నాన్నగారు ఆ మాట అనగా నేనెప్పుడూ ఇన్లేదు."

"మరేం చెప్తారు?"

"ఉందండి, కూర్చోండి, కాఫీ తాగండి అంటాం."

"కాఫీ తాగాక?"

"మొక్క వస్తుందండి."

"ఎక్కడి నుంచి?"

"ఎనక నుంచండి."

"వెనక ఏముంది?"

"ఏమోనండి. అది మా ఆవిడ చూసుకుంటదండి."

కాగితం మీద డైమండు గీసి ఉంది. దానిలోంచి "ఉంది" అని ఒక్కటే బాణం బయటికి వస్తోంది. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒంటి బాణం డైమండు నేనెప్పుడూ చూడలేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఎటు నుంచి చూసినా లేదనే దారి లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేదో తేల్చకుండా కడియం వదిలేది లేదని ఆ కుర్చీలోనే తిష్ట వేశాను.

మర్నాడు సామర్లకోట నుంచి ఒకాయన వచ్చి ముప్పై నూరువరహాల మొక్కలు అడిగారు. ముందు తోటలో నూరువరహాలు ఒక్కటి కూడా లేదని నేను పొద్దున్నే లెక్కపెట్టుకున్నాను. అయినా అన్నగారు తొణక్కుండా "ఉందండి, కూర్చోండి, కాఫీ తాగండి" అన్నారు. లోపల్నుంచి వాళ్ళావిడ కాఫీ తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, ఒక స్టీలు కేరియర్ పట్టుకుని వెనక్కి నడిచింది. మొక్కలకి కేరియర్ ఎందుకో అర్థంకాక నోట్‌బుక్ చంకలో పెట్టుకుని నేను ఆవిడ వెనకాల నడిచాను.

మోటారు షెడ్డు దాటి, ఎర్రమట్టి కుప్ప దాటి, తోట చివర దడి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఒక పెద్ద కుండీలో కాగితం పూల మొక్క ఉంది. ఆవిడ ఆ కుండీని కాలితో పక్కకి జరిపి రెండుసార్లు దగ్గింది. దడిలో మనిషి దూరేంత సందు బయటపడింది. అందులోంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి కేరియర్ అందుకుంది. తరవాత ఆ చెయ్యే నూరువరహాల కవర్లు ఒక్కొక్కటీ ఇటు అందించింది. ముప్పై మొక్కలు అందుకునేసరికి వాళ్ళిద్దరూ మోకాళ్ళ నొప్పులు, ఎవరింట్లోనో పెళ్ళి, మొన్నటి కూరలో తగ్గిన ఉప్పు అన్నీ మాట్లాడేసుకున్నారు. నేను మాత్రం గళ్ళు గీసుకుంటూ నిలబడ్డాను.

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. చేతిలో మొక్క చేతిలోనే ఉండిపోయింది.

"ఏం రాస్తన్నావమ్మా?"

"ఏడో గడండి. ఈ సందు."

"అయ్యయ్యో, రాయకు తల్లీ!" అని నా చెయ్యి పట్టుకుంది. "అది నా చెల్లెలమ్మా. అక్కచెల్లెళ్ళం ఇద్దరం ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చేం. బోర్డు కోసుకున్న రోజు ఈళ్ళిద్దరూ మాటలు మానేసి మా చేత కూడా మానిపించేరు. పెళ్ళిళ్ళకెళ్తే అదో మూల, నేనో మూల. తొమ్మిదేళ్ళ నుంచీ ఈ సందులోంచే దాని మొహం చూస్తన్నాను. ఈ గీత గీసేవంటే మా ఆయన రేపొద్దున్నే ఇక్కడ గోడ కట్టించేస్తారు. నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కటీ గీయకు."

నా కంటే పెద్దావిడ, మట్టి చేతులతో దణ్ణం పెడుతోంది. కానీ జబ్బు జబ్బే కదా.

"గీయకపోతే ఎలాగండీ? ఈ బాణం లేకపోతే ముందు తోటలో మొక్క లేనప్పుడు కంప్యూటరు లేదు అనేస్తుంది."

"లేదు అనేస్తదా?" అంది ఆవిడ, గుండె మీద చెయ్యేసుకుని. "మనిషి మొహం మీదే?"

"అనేస్తుందండి."

"హవ్వ!"

దడి అవతల నుంచి చెల్లెలుగారు కూడా "హవ్వ!" అన్నారు.

ముగ్గురం ఆలోచించాం. ఖాళీ గడి గీసి లోపల ఏమీ రాయకు అంది అక్కగారు. ఖాళీ గడి గీయకూడదు అన్నాను. "అయితే ఎనక బ్లాకు అని రాయమ్మా. ఎనకే కదా ఉంది? అబద్ధం కాదు కదా?" అన్నారు చెల్లెలుగారు, మొహం కనపడకుండానే. మా కంపెనీలో అంత తెలివైన మనిషి ఒక్కరూ లేరు. నేను "వెనక బ్లాక్" అని రాశాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, చార్టు కాని చార్టు గీశానని మావారితో చెప్పుకుని కాసేపు ఏడ్చాను. ఆయన ఫ్రిజ్ మీద ఉప్మా చార్టు చూపించి, అదైనా నిజమే కదా అని ఓదార్చారు.

చార్టు మీద యజమాని సంతకం పెడితేనే సాఫ్ట్‌వేర్ మొదలుపెడతాం. అన్నగారు భోజనం పెట్టి మరీ సంతకానికి కూర్చున్నారు. ఆ రోజు పనసపొట్టు కూర. "మా ఆవిడ చేసే పనసపొట్టు కూర ఈ చుట్టుపక్కల ఎవరూ చేయలేరండి" అని ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పారు. వాళ్ళావిడ తల వంచుకుని వడ్డించింది. తరవాత ఆయన గళ్ళన్నీ వేలు పెట్టి లెక్కపెట్టారు. ముప్పై ఒకటి. వేలు వెనక బ్లాక్ మీదికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ ఆవిడా నేనూ ఊపిరి బిగబట్టాం. వేలు ఆగలేదు. కాఫీ గడి దగ్గర ఆగింది.

"ఇది బాగా చిన్నదైపోయిందండి. కొంచెం పెద్దది చేయండి."

పెద్దది చేశాను. సంతకం పెట్టారు.

కథ అక్కడ ఆగితే బాగుండేది. పది రోజులకి తమ్ముడుగారు మా ఆఫీసుకి వచ్చారు. అచ్చం అన్నగారి మొహమే, మీసం ఒక్కటి ఎక్కువ.

"మా అన్నయ్యకి ఎన్ని గళ్ళేసేరండి?"

"అలా ఒకరివి ఇంకొకరికి చెప్పకూడదండి."

"ముప్పై ఒకటంట కదా. నాకు ముప్పై రెండెయ్యండి."

మా బాస్ ఆనందంతో నన్ను మర్నాడే మళ్ళీ కడియం పంపేశారు. ఈసారి దడికి అవతలి పక్క కుర్చీ వేశారు. ఇక్కడా లేదనే బాణం లేదు. ఇక్కడా మొక్క వెనక నుంచే వస్తుంది, ఇక్కడా అది ఆవిడ చూసుకుంటుంది. నేను వెనక్కి వెళ్ళేసరికి చెల్లెలుగారు నవ్వుతూ నిలబడి ఉన్నారు. "ఎనక బ్లాకు అని రాసేయండి. అక్క చెప్పింది." రాసేశాను. ముప్పై రెండో గడి కోసం కాఫీ తరవాత "బిస్కెట్" అని ఒకటి చేర్చాను.

నా బుర్ర గడ్డి తింది. రెండు చార్టులు పక్కపక్కన పెట్టి చూస్తే చంటిపిల్లలకైనా తెలిసేది, ఈయన వెనక బ్లాక్ ఆయన తోట, ఆయన వెనక బ్లాక్ ఈయన తోట, ఒకే మొక్క రెండు లెక్కల్లోకీ వస్తుంది అని. కానీ అవి రెండు వేరు వేరు ఫోల్డర్లలో ఉన్నాయి. ఒకరిది తెరిచి ఉండగా ఇంకొకరిది తెరవకూడదని నియమం పెట్టుకున్న నీతిపరురాలిని నేను.

రెండు తోటలకీ సాఫ్ట్‌వేర్ వెళ్ళింది. స్టాకు ఎక్కించే పని అక్కచెల్లెళ్ళే తీసుకున్నారు. సందు దగ్గర నిలబడి అక్కగారు తన తోటలో ఏవెన్నున్నాయో చెప్పడం, చెల్లెలుగారు ఫోన్లో తన వెనక బ్లాకు కింద ఎక్కించుకోవడం. మళ్ళీ అటునుంచి ఇటు. ఇంత నిజాయితీగా డేటా ఎక్కించే మనుషుల్ని నేను చూడలేదు. ఒక్క మొక్క తేడా వచ్చేది కాదు.

అప్పుడు విశాఖపట్నం నుంచి ఒక కాంట్రాక్టరు, కొత్త కాలనీలో నాటడానికి రెండు వేల ఎరీకా పామ్ మొక్కలు కావాలని, అన్నగారికి వెయ్యి, తమ్ముడుగారికి వెయ్యి చెప్పాడు. అన్నగారు ఫోన్ తెరిచి చూశారు. ముందు నాలుగు వందలు, వెనక బ్లాక్ ఆరు వందలు. "ఉందండి" అన్నారు. తమ్ముడుగారు చూశారు. ముందు ఆరు వందలు, వెనక బ్లాక్ నాలుగు వందలు. "ఉందండి" అన్నారు. మొత్తం ఉన్నవి వెయ్యి. ఇస్తామన్నవి రెండు వేలు.

మర్నాడు పొద్దున్న నేను ఇంట్లో నా వరసలో ఉన్న ఒక్క గడినీ నిర్వర్తిస్తుండగా ఫోన్ మోగింది. అన్నగారు.

"మేడమ్ గారూ, మా ఎనక బ్లాకు ఎక్కడుందండి?"

"అంటే... వెనకండి."

"ఎనక ఎరీకా ఆరొందలు ఉందంటోంది ఫోను. ఎప్పుడేసేనో గుర్తు రావట్లేదు. లారీ వచ్చేసింది. మా ఆవిడ కేరియర్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది కానీ చెప్పట్లేదు. నేనే ఎల్లి చూస్తానండి."

ఉప్మా వదిలేసి స్కూటీ తీశాను. కాలవ గట్టు మీద అంత వేగంగా నేనెప్పుడూ నడపలేదు. రెండు గేట్ల ముందు రెండు లారీలు. నేను పరుగెత్తుకుంటూ తోట చివరికి చేరేసరికి కాగితం పూల కుండీ పక్కకి తోసేసి ఉంది. సందుకి ఇటు అన్నగారు, అటు తమ్ముడుగారు. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లు. ఇటు అక్కగారు, అటు చెల్లెలుగారు, ఇద్దరూ చీర కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కొయ్యబారిపోయారు.

తొమ్మిదేళ్ళ తరవాత అన్నగారి నోటి వెంట మొదటి మాట వచ్చింది.

"ఏరా, నా బ్లాకులో ఏం చేస్తన్నావు?"

"నీ బ్లాకేంటి? ఇది నా ఎనక బ్లాకు. కావాలంటే చూడు, ఫోన్లో ఉంది."

"నా ఫోన్లోనూ ఉంది!"

ఫోన్లు మార్చుకుని చూసుకున్నారు. ఇద్దరూ కలిసి నా వైపు చూశారు. ఆ క్షణంలో ఎర్రమట్టి కుప్పలో దూరిపోవాలనిపించింది. కానీ అన్నగారి చూపు నా మీద నిలవలేదు. కిందికి దిగి, సందులో గడ్డి మొలవకుండా అరిగిపోయిన నేల మీద పడింది. అక్కడి నుంచి వాళ్ళావిడ చేతిలో కేరియర్ మీదికి వెళ్ళింది.

"తొమ్మిదేళ్ళుగా నేను తింటున్న పనసపొట్టు కూర ఎవరిదే?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా చెల్లెలిదండి" అంది చివరికి. "నాకు చేయడం రాదు."

అటువైపు తమ్ముడుగారు నెమ్మదిగా భార్య వైపు తిరిగారు. "మరి మనింట్లో గుత్తొంకాయ?"

"అక్కదండి."

అన్నగారు దడి మీద చెయ్యి వేశారు. నాకు గోడే కనిపించింది, ఇటుకలతో సహా. నా వల్ల ఇద్దరు ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేకుండా పోతారు, నా గళ్ళ మీద మన్నుపొయ్య, అనుకున్నాను. నిజంగా ఏడుపు వచ్చింది.

అప్పుడే లారీ డ్రైవర్లిద్దరూ వెతుక్కుంటూ వచ్చారు. "ఏంటండీ, లోడు ఎత్తమంటారా, లేదని చెప్పేస్తారా?"

"లేదనడం ఏంటండి!" అన్నారు అన్నదమ్ములు, ఒక్కసారే. "ఉంది, కూర్చోండి, కాఫీ తాగండి!"

అని, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆ గొంతు ఇద్దరిదీ కాదు, వాళ్ళ నాన్నగారిదట. అక్కగారు తరవాత చెప్పింది. ఇంకో వెయ్యి మొక్కలు కావాలి, రెండు కాఫీలు తాగే లోపల. తమ్ముడుగారు బండి తీశారు. అన్నగారు వెళ్ళి వెనక కూర్చున్నారు. మధ్యాహ్నానికల్లా చుట్టుపక్కల తోటల నుంచి నలభై, యాభై చొప్పున ఎరీకాలు రావడం మొదలైంది. ఎవరిని అడిగినా "ఉందండి" అనడమే. ఎవరూ గేట్లోంచి ఇవ్వలేదు, అందరూ వెనక నుంచే ఇచ్చారు. కడియంలో ప్రతి తోటకీ ఒక వెనక బ్లాక్ ఉందని ఆ రోజే నాకు తెలిసింది. పొద్దుగూకే వేళకి రెండు లారీలూ నిండాయి. డ్రైవర్లు చెరో తొమ్మిది కాఫీలు తాగారు.

వారం తరవాత అన్నగారు చార్టు పట్టుకుని నన్ను పిలిపించారు. తిట్టడానికే అనుకుని వెళ్ళాను. ఆయన వెనక బ్లాక్ గడి మీద వేలు పెట్టారు.

"ఇది కొట్టేసి సరిగ్గా రాయండి."

"ఏమని రాయమంటారండీ?"

"బ్లాకేంటండీ, మనిషి కదా. మా తమ్ముడు అని రాయండి."

రాశాను. నా పద్నాలుగేళ్ళ సర్వీసులో అంత నిజమైన గడి ఇంకొకటి లేదు.

లోపల అక్కగారికి ఈ శుభవార్త చెప్దామని వెళ్తే, ఆవిడ మొహం ముడుచుకుని ఉంది. "బాగానే చేసేవమ్మా" అంది. "ఇప్పుడు పొద్దస్తమానం ఆళ్ళిద్దరూ కుర్చీలేసుకుని ఆ సందులోనే కూర్చుంటన్నారు. కాఫీలు, బిస్కెట్లు, కబుర్లు. మేం మొక్కలడ్డం పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు మా ఇద్దరికీ మాట్లాడుకోడానికి చోటే లేకుండా పోయింది."

నోట్‌బుక్ మూసేశాను. ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వచ్చింది.

"ఇంకో దారి చేసుకున్నాంలే. రా, చూపిస్తాను. కానీ గీయకూడదు."

వెళ్ళి చూశాను. అది ఎక్కడుందో, అక్కడ ఏ మొక్క అడ్డం పెట్టారో, ఎన్నిసార్లు దగ్గాలో నాకు తెలుసు. ఇక్కడ కూడా రాయను.